మా అన్న గొంతున్న టేపులు

నాగపూర్‌లో జరిగిన మొదటి సమావేశంలో మా ముందు ఒక పట్టిక పెట్టారు. ప్రతి టేపుకూ ఒక వరుస. టేపు పేరు, నిడివి, తీసిన మనిషి, తీసిన ఊరు, అలా పోతూ పోతూ ఒక గడి దగ్గర 'భాష' అని ఉంది. ఒక్క మాట పట్టేంత గడి. నేను అక్కడ ఆగిపోయాను. ఆగకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు రోజూ అనుకుంటాను. కానీ ఆ రోజు ఆగకుండా ఉండడం నావల్ల అయ్యే పని కాదు.

ఆ సమావేశం దేని గురించో ముందు చెప్పాలి. సినిమాల మీద, టీవీ మీద పరిశోధన చేసేవాళ్లూ, పాత రీళ్లూ టేపులూ భద్రపరిచే సంస్థలవాళ్లూ కలిసి పనిచేద్దామని ఒక మాట అనుకున్నారు. పెద్ద సినిమాలకు దిక్కుంది, వాటిని ఎవరో ఒకరు దాస్తారు. చిన్న ఊళ్లలో, గని కాలనీల్లో కేబుల్ టీవీ వాళ్లు సొంతంగా తీసి చూపించుకున్నవాటికి దిక్కు లేదు. వాటిలో చాలామటుకు తుక్కు కింద పోయాయి. మిగిలినవాటినైనా, ముఖ్యంగా రెండు రాష్ట్రాల సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాటిని, హైదరాబాద్ సంస్థ, పుణె సంస్థ కలిసి వెతికి పట్టుకోవాలి. ఒకరి దగ్గరున్న యంత్రం ఇంకొకరు వాడుకోవాలి. ఇద్దరికీ ఒకే జాబితా ఉండాలి. ఆలోచన మంచిదే, ఇప్పటికీ కాదనను.

నేను చంద్రపూర్‌లో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. సినిమాల గురించి నాకు తెలిసింది తక్కువ, ఓపిక ఇంకా తక్కువ. నన్ను పిలిచింది నా చదువు చూసి కాదు. మా వదిన ఇంట్లో ఒక ఇనుప పెట్టె నిండా, ముప్పై ఎనిమిది టేపులు ఉన్నాయని ఎవరి ద్వారానో తెలిసి పిలిచారు.

ఆ టేపులు మా అన్నవి. మా నాయన మంచిర్యాల వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి మా చంద్రపూర్ జిల్లాలోని సాస్తి గనుల దగ్గర నిలిచిపోయాడు. అన్న కూడా గనిలోనే ఎలక్ట్రీషియన్. డ్యూటీ నుంచి వచ్చాక కాలనీకి కేబుల్ నడిపేవాడు. తొంభైల నాటి సంగతి. ఒక డిష్, ఒక వీసీఆర్, భుజం మీద పెట్టుకునే కెమెరా ఒకటి. క్వార్టర్‌లో ఉన్నవి రెండు గదులైతే అందులో ఒకటి వాటిదే. సాయంత్రం సినిమా వేసే ముందు కాసేపు కాలనీ కబుర్లు చెప్పేవాడు. మొహం మాత్రం చూపించేవాడు కాదు. అట్ట ముక్క మీద స్కెచ్ పెన్నుతో నాలుగు ముక్కలు రాసి, ఆ అట్టను కెమెరా ముందు పట్టుకుని, వెనక నుంచి చదివేవాడు. రెండో షిఫ్టు టైము మారింది. ఫలానావాళ్ల బర్రె తప్పిపోయింది, చెవి చీలి ఉంటుంది. ఫలానావాళ్ల పాపకు తొట్టెల ఫంక్షను, అందరూ రావాలి. ఫలానా ఆయన పోయాడు, రేపు పది గంటలకు తీసుకెళ్తారు. చావు కబురు చదివేటప్పుడు అట్ట కాస్త కిందికి దిగేది, అది నాకు బాగా గుర్తు.

తెలుగులో మొదలుపెట్టేవాడు. సగంలో మరాఠీలోకి పోయేవాడు. ఇంకో లైన్ క్వార్టర్లలో యూపీ వాళ్లున్నారని గుర్తొచ్చి హిందీలో ముగించేవాడు. ఒక్కోసారి ఒక్క వాక్యంలోనే మూడూ ఉండేవి. కాలనీలో అందరూ అలాగే మాట్లాడుకునేవారు కాబట్టి ఎవరికీ వింతగా తోచేది కాదు. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు రాయడం, చదవడం నాకు వచ్చింది ఆ అట్టలు రాసిపెట్టే పనిలోనే. అన్న చెప్పేవాడు, నేను రాసేదాన్ని. తప్పు రాస్తే అట్ట వృథా చేశానని తిట్టేవాడు, నేను ఊరుకునేదాన్ని కాదు, మా కొట్లాట తేలేసరికి కాలనీ మొత్తం ఖాళీ తెర చూస్తూ కూర్చునేది.

అన్నకు ఖర్రా అలవాటు. వక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపిస్తారే, అది. మా జిల్లాలో దాన్ని ఎవరూ అలవాటని కూడా అనుకోరు. గొంతులో పుండు తేలింది. నాగపూర్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు, మాట లేకుండా. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించేవాడు. ప్రతివాడూ ప్రతిదీ ఫోన్లో రికార్డు చేసుకునే కాలం మా ఇంటిదాకా వచ్చేసరికి, రికార్డు చేయడానికి ఆయన దగ్గర గొంతు లేదు. వీసీఆర్‌ను, కెమెరాను ఆయనే తుక్కువాడికి ఇచ్చేశాడు. టేపులు మాత్రం పెట్టెలో వరసగా సర్ది తాళం వేశాడు. ఎక్కడినుంచైనా వీసీఆర్ తెస్తాను, వేసి చూద్దామా అని నేను ఒకసారి అడిగాను. పలక మీద 'వద్దు' అని రాసి దాని కింద రెండు గీతలు గీశాడు.

ఆయన పోయి ఏడేళ్లు దాటింది. వదిన ఎవర్నీ ఏమీ అడిగే మనిషి కాదు. రాజూరా దగ్గరి పల్లె నుంచి వచ్చింది, నాలుగో తరగతితో బడి మానేసింది, అదీ మరాఠీదే. క్వార్టర్ ఖాళీ చేశాక సాస్తిలోనే అన్న కట్టించిన చిన్న స్లాబు ఇంట్లో ఉంటుంది. మా ఇళ్లల్లో అన్న భార్యా, ఆడబిడ్డా ఇద్దరూ ఒకరినొకరు వదినె అనే పిలుచుకుంటారు, మేమూ అంతే. నాగపూర్ వెళ్లే ముందు పెట్టెను ఒకసారి చూసుకుందామని ఆమె దగ్గరికి వెళ్లాను. అన్నం పెడుతూ మెల్లిగా అడిగింది.

"వదినె, ఆ టేపులు పెద్ద మిషన్ల ఏస్తరట గద. ఏసిననాడు నన్ను ఒక్కపారి పిలుస్తవా?"

ఎందుకని అడిగాను.

"ఆయన గొంతు మర్చిపోయిన. నాలుగేండ్లు పలక మీదనే మాట్లాడిండు గద. గిప్పుడు కలలకు వచ్చినా పలక వట్టుకొనే వస్తుండు. ఒక్కపారి ఇంటె మల్ల యాదికొస్తది."

"పిలిచుడేంది, నీకే ఒక కాపీ ఇప్పిస్త. ఫోన్‌ల ఏసుకొని రోజూ ఇను" అన్నాను. పప్పు ఇంకొంచెం వెయ్యమన్నంత తేలిగ్గా అన్నాను.

ఇక ఆ గడి సంగతి. దాని వెనకున్న ఏర్పాటు ఏమిటంటే, తెలుగు టేపులు హైదరాబాద్‌కు, మరాఠీ టేపులు పుణెకు. జాబితా మాత్రమే ఉమ్మడి, వస్తువు ఎవరి భాషది వారిది. హైదరాబాద్ నుంచి వచ్చినాయన నెరిసిన గడ్డంతో నెమ్మదిగా ఉండే మనిషి. ముప్పై ఎనిమిదిలో తెలుగు ఎక్కువగా ఉన్నవి తీసి ఇస్తే చాలన్నాడు. పుణె నుంచి వచ్చినామె నాకంటే పదేళ్లు చిన్నది, చురుకైనది. బూజు శుభ్రం చేసే యంత్రం తమ దగ్గరే ఉంది కాబట్టి ఏవైనా ముందు తమ దగ్గరికే రావాలంది. నేను ఇద్దరినీ వాయించాను. మా అన్న నోట్లోంచి వచ్చిన ఒక్క వాక్యాన్ని కత్తిరించి చెరో ముక్కా పట్టుకుపోతారా అని అడిగాను. బర్రె తప్పిపోయిందన్న కబురు హైదరాబాద్‌లో, దొరికిందన్న కబురు పుణెలో ఉంచుతారా, బర్రె గలవాడు ఏ రైలెక్కాలి అని అడిగాను. అందరూ నవ్వారు. నవ్వించాక మనుషులు సగం లొంగుతారని ఇరవై అయిదేళ్ల క్లాసురూము నాకు నేర్పింది. మిగతా సగానికి మూడు గంటలు పట్టింది.

చివరికి నా మాటే నెగ్గింది. ఒక మనిషి సేకరణను భాషను బట్టి విడదీయకూడదు. మొత్తం ఒకేచోట ఉండాలి, రెండో సంస్థకు పూర్తి నకలు వెళ్లాలి, ఆ పెట్టె దాచిన ఇంటివాళ్లకు కూడా ఒక నకలు ఇవ్వాలి. భాష గడిలో ఎన్ని భాషలుంటే అన్నీ రాయాలి. దీన్ని ఒప్పందంలో కొత్త షరతుగా చేర్చాలని నిర్ణయించారు. ఇలాంటి పెట్టెలు ఇంకా చాలా ఉంటాయి తాయీ, వాటన్నిటికీ ఇది పనికొస్తుంది అని పుణె ఆమె మరాఠీలో అంది, తాయీ అంటే అక్క, చెయ్యి కూడా కలిపింది. ఆ షరతు సరైనదే. ఎవరైనా కాదంటే ఇప్పుడు కూడా కూర్చోబెట్టి వాదిస్తాను.

టీ దగ్గర హైదరాబాద్ ఆయన నా పక్కకు వచ్చాడు.

"మేడమ్, మీరు చెప్పిందాంట్ల తప్పు లేదు. కాని గీ కొత్త షరతుకు రెండు దిక్కుల సంతకాలు కావాలంటె ఏడాది పడుతది, నేను చూసిన గివన్ని. బయట నా కారుంది. ఇట్లనే మీ ఊరికి పోదాం. పెట్టె తీస్కపోయి చల్లటి గదిల పెడ్త. ఎవలయి అన్నది తర్వాత నిమ్మళంగ కొట్లాడుకుందురు."

"తీసుకుపోయినాక మావే అంటారు. కాగితం కానియ్యండి" అన్నాను.

ఆయన నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు. మీ ఇష్టం మేడమ్ అని కప్పు కింద పెట్టాడు. చలికాలం, మధ్యాహ్నం మూడు కూడా కాలేదు. బయలుదేరి ఉంటే దీపాలు పెట్టే వేళకు సాస్తిలో ఉండేవాళ్లం. వదిన టీ పెట్టి ఇచ్చేది, పెట్టె కారెక్కేది.

సంతకాలకు ఏడాది కాదు, ఇంకా ఎక్కువే పట్టింది. ఒప్పందం ముసాయిదా పుణెకు పోతే అక్కడి అధికారి ఒక మాట మార్చమన్నాడు. మార్చి హైదరాబాద్ పంపితే అక్కడివాళ్లు ఆ మార్పును మార్చమన్నారు. నకలు అంటే ఏమిటి, ఇల్లు అంటే ఎవరు, వారసులు పోట్లాడుకుంటే ఎవరికివ్వాలి. ప్రతిదానికీ నేను పొడుగాటి ఉత్తరాలు రాశాను. నా ఉత్తరం వెళ్లిన ప్రతిసారీ దానికి జవాబు తయారు కావడానికి ఇంకో నెల. ఒక్కోటి రాసి పంపాక తృప్తిగా ఉండేది, బాగా గడ్డి పెట్టాను అనుకునేదాన్ని. చంద్రపూర్‌లో, తుకుం వైపున్న మా ఇంటి బాల్కనీలో కూర్చుని ఆ ఉత్తరాలను నేనే మళ్లీ చదువుకున్న రోజులున్నాయి.

మధ్యలో ఒక వానాకాలం గడిచింది. వదిన ఇంటి స్లాబు మూలన కారుతుంది. పెట్టె ఆ మూలనే ఉండేది. ఆమె చూసుకుని గది మధ్యకు లాగిందట, పైన ప్లాస్టిక్ పట్టా కప్పిందట. పట్టా కప్పితే లోపలి చెమ్మ లోపలే ఉంటుందని ఆమెకు తెలియదు. నాకు తెలుసు, కానీ ఆ వానాకాలం నేను సాస్తి వెళ్లింది ఒక్కసారే. వెళ్లినప్పుడు కూడా పెట్టె వైపు చూడలేదు, పుణె అధికారి మీద చాడీలు చెప్పి వచ్చాను.

తర్వాతి ఉగాది దాటిన వారానికి వదిన ఫోన్ చేసింది. నేను కాలేజీలో జవాబు పత్రాల కట్టల మధ్య ఉన్నాను. ఆ పొద్దునే ముసాయిదా ఇంకో సవరణతో తిరిగొచ్చింది. పెట్టె తెరిచిందట. టేపులకుండే చిన్న కిటికీల్లోంచి చూస్తే రీలు మీద తెల్లగా పిండి చల్లినట్టు కనపడుతోందట. బూజు పట్టిన టేపులను వాళ్లు యంత్రంలో పెట్టరని, పక్కన పడేస్తారని చెప్పాను. అది పూర్తి నిజం కూడా కాదు. శుభ్రం చేసేదాకా వేరే గదిలో పెడతారు, అంతే. మరి ఏం చెయ్యాలె వదినె అని అడిగింది. విసురుగా ఏదో అని ఫోన్ పెట్టేశాను. ఏమన్నానో సాయంత్రానికి నాకే గుర్తు లేదు.

మే నెలలో సంతకాలు పూర్తయ్యాయి. టేపులు ముందు పుణెకు వెళ్లి శుభ్రపడి నకళ్లు తీశాక, అసలు పెట్టె హైదరాబాద్‌లో ఉండాలి. ఆ కబురు వదినకు నేనే స్వయంగా చెప్పాలని తెల్లవారగానే బస్సెక్కి రాజూరాలో దిగి ఆటోలో వెళ్లాను. అప్పటికే గాలి వేడెక్కింది. నేను విషయం చెప్పకముందే వదిన నా చెయ్యి పట్టుకుని పెట్టె దగ్గరికి తీసుకెళ్లింది. మూత తీసింది. పైన వేపాకులు పరిచి ఉన్నాయి. వేపాకులు పక్కకు జరిపితే టేపులు తళతళలాడుతున్నాయి.

"సూడు వదినె, ఒక్క బూజు సుక్క లేదు."

ఎట్లా పోగొట్టావని అడిగాను. నా గొంతు అప్పటికే మారి ఉండాలి, కానీ ఆమె గమనించలేదు, అంత సంతోషంలో ఉంది.

"చిన్న పేచ్‌కస్‌తోని మరలిప్పిన. లోపటి చక్రాలు తీసి, డబ్బాలు గూడ కలిపి, స్లాబు మీద చీర పరిచి ఎండల పెట్టిన. అయిదు రోజులు. గంటకోపారి మర్లేసిన, ఒక దిక్కే కాగితె మంచిగుండదని. కోతులు రాకుంట కట్టె వట్టుకొని ఆడనే కూసున్న. పొద్దు గూకకముందే కిందికి తెచ్చిన."

"ఎవలు జెప్పిండ్రు నీకు?"

"నువ్వే జెప్తివి గద, ఫోన్‌ల. ఇంట్ల పప్పుకు పురుగు వడితె ఏం జేస్తవ్, గది గూడ నేనే జెప్పాల్నా అంటివి. మల్ల ఫోన్ చేసి అడుగుదామనుకున్న, ఎన్ని రోజులు పెట్టాలె అని. నువ్వు కోపంల ఉంటివి. గందుకె చెయ్యలె."

చంద్రపూర్ ఎండ గురించి తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ఏ ఇంటి మీద చూసినా ఒక పాత చీర పరిచి ఉంటుంది. దాని మీద కందిపప్పు, బియ్యం, మిరపకాయలు, పరుపులో దూది, పెళ్లి పట్టుచీరలు, పిల్లల పుస్తకాలు. ఏడాదికి సరిపడా దాచుకునేది ఏదైనా ఒకసారి ఆ ఎండ చూసి రావాలి, ఆ తర్వాత వేపాకు వేసి మూత పెట్టాలి. మా అమ్మ అట్లాగే చేసింది, నేనూ చేస్తాను. ఆ ఎండకు బతికే పురుగు లేదు. ఏడాది తిండికి తీసుకునే జాగ్రత్త అంతా తీసుకుని, వదిన తన మొగుడి గొంతును అయిదు రోజులు ఆ ఎండలో పెట్టింది. మర్లేసింది. కోతుల నుంచి కాపాడుకుంది.

ఒక టేపు చేతిలోకి తీసుకున్నాను. డబ్బా ఒక పక్కకు వంగి ఉంది. మూత ఎత్తి చూశాను. రీలు అంచు ఎండిన మామిడి తాండ్ర అంచులాగా వంకర్లు తిరిగి ఉంది. వేలితో కదిలించబోతే పొరకు పొర అతుక్కుని కదల్లేదు.

"మంచిగున్నయా?" అంది వదిన.

"ఉన్నయి" అన్నాను.

పుణె నుంచి బండి వచ్చి పెట్టెను తీసుకెళ్లింది. వదినకు ఏమీ చెప్పకుండా నెలరోజులు గడిపాను. నాకు తెలిసిందే అయినా, ఆ యంత్రాలు ఏమైనా చేస్తాయేమోనని ఎదురుచూశాను. ఒకరోజు పుణె ఆమె ఫోన్ చేసింది. ఎప్పుడూ గబగబా మాట్లాడే మనిషి, ఆ రోజు ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడింది. చాలావరకు టేపులు విప్పబోతే పూత ఊడి వచ్చేస్తోందట. ఒక్కదాన్ని మాత్రం, స్లాబు మీద దేని నీడన పడి ఉందో, వారం రోజులు కష్టపడి కొంతదూరం నడిపించగలిగారట. బొమ్మ వచ్చింది. శబ్దం రాలేదు. ఈ రకం టేపుల్లో బొమ్మ రీలు మధ్యలో ఉంటుందట, శబ్దం మాత్రం అంచు వెంబడి సన్నటి గీతలా ఉంటుందట. వేడికి ముందు చెడేది అంచే. అన్ని టేపుల్లోనూ ముందు పోయింది గొంతే తాయీ అంది.

మర్నాడు హైదరాబాద్ ఆయన ఫోన్ చేశాడు. నేను ఆనాడే చెప్పాను కదా అంటాడని, తిరిగి అనాల్సిన మాట సిద్ధంగా పెట్టుకుని ఎత్తాను. ఆయన ఆ మాట అనలేదు. ఇట్లాంటివి తనూ చాలా పోగొట్టుకున్నానని చెప్పాడు, వదిన ఎట్లా ఉందని అడిగాడు. ఒక్క మాట అని ఉంటే నాకూ తిరిగి అనడానికి ఏదో ఒకటి దొరికేది.

ఉమ్మడి జాబితాలో ఆ టేపు వరుసను నింపాల్సింది నేనే. భాష గడిని నేను పోట్లాడి వెడల్పు చేయించాను కదా, చోటు బాగానే ఉంది. తెలుగు, మరాఠీ, హిందీ అని రాశాను. నాలుగు గడుల తర్వాత 'శబ్దం' అని ఇంకో గడి ఉంది. లేదు అని రాశాను. మిగిలిన ముప్పై ఏడు వరుసల్లో తీసిన మనిషి, తీసిన ఊరు, స్థితి తప్ప నింపేది ఏదీ లేకపోయింది.

ఆ బొమ్మను ఫోన్లో వేసుకుని సాస్తి వెళ్లాను. దారంతా ఎట్లా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. వెళ్లాక ఆ మాటలేవీ చెప్పలేక, ముందు ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. రెండు నిమిషాలు కూడా లేదు అది. బూడిదరంగు చారల మధ్య ఒక అట్ట ముక్క ఊగుతూ ఉంటుంది. 'రేపు నీళ్లు రావు. ఇయ్యాల్నే పట్టి పెట్టుకోండ్రి.' నా అక్షరాలే. అట్ట మూలన అన్న బొటనవేలు, గోరు సగం నల్లబడి ఉంది. వదిన ఆ వేలిని గుర్తుపట్టింది. గోరు మీద సుత్తె దెబ్బ పడింది ఎప్పుడో కూడా చెప్పింది. తర్వాత ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుంది.

"సౌండ్ వెంచు వదినె."

"సౌండ్ లేదు. బొమ్మనే వచ్చింది. కడమయి గది గూడ రాలె."

ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. "ఎండకు వొయినయా?"

"వానకే వొయినయి. బూజు వట్టినప్పుడే అయిపోయింది" అన్నాను మెల్లగా.

నా మొహంలోకి చూసింది. "నువ్వు నన్ను తిడుతలేవు. అంటె నేనే ఖరాబ్ జేసిన."

అప్పుడు చెప్పాను. ఆమె చేసింది నేను అన్న మాట విని చేసిందే అన్నాను. పెట్టెను చల్లటి గదిలో పెడతానని, బయటే కారుందని హైదరాబాద్ నుంచి వచ్చినాయన అంటే, ముందు కాగితం కానియ్యండి అని ఆపింది నేనే అన్నాను. కారు సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఎప్పుడు అని అడిగింది. నువ్వు నన్ను పిలువు అన్నవు చూడు, ఆ మర్నాడే అన్నాను.

"గప్పుడు మంచిగనే ఉండె గద టేపులు" అంది. తప్పు పట్టడానికి అనలేదు. గుర్తు చేసుకుంటూ అంది.

వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. మళ్లీ ఫోన్ చేతిలోకి తీసుకుని మొదటినుంచి పెట్టమంది. రెండుసార్లు చూసింది. తర్వాత దాన్ని నా వైపు తిప్పింది.

"చదువు వదినె. నాకు తెలుగు అక్షరాలు రావు గద. మీ అన్నచెల్లెండ్లది మాట తీరు ఒక్కటే అంటుండె అత్తమ్మ. ఆయన చదివినట్టె చదువు."

చదివాను. పాఠం చెప్పే గొంతుతో వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని వింది.

"కాదు" అంది.

నెమ్మదిగా చదివాను. అన్న లాగే సగంలో మరాఠీలోకి వెళ్లాను, ఉద్యా పాణీ యేణార్ నాహీ అని, ఆ తర్వాత హిందీలో. కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది.

"గట్ల కాదు వదినె. ఆఖర్ల ఏదో జేస్తుండె ఆయన. గుంజుతుండెనో, నవ్వుతుండెనో."

ఏం చేసేవాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఆ సాయంత్రాలన్నీ పక్కనే కూర్చుని అట్టలు అందించినదాన్ని. వేలు గుర్తొచ్చింది, చొక్కా గుర్తొచ్చింది, స్కెచ్ పెన్ను వాసన గుర్తొచ్చింది. నేను తప్పు రాసినందుకు ఏమేం తిట్టాడో మాటలన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కదానికీ గొంతు లేదు.

మూడోసారి చదివాను. ఈసారి ఆమె కాదని కూడా అనలేదు.